చివరి వరుసలో లైబ్రేరియన్ గారు

మా స్కూల్లో లైబ్రేరియన్ గారు వారమంతా పిల్లల్ని నోరు మూసుకోమంటారు. గురువారం ఆఖరి పీరియడ్‌లో మాత్రం నోరు తెరవమంటారు. వాళ్ళు తెరిచేలోపే ఆవిడ తెరిచేస్తారు. ఆ పీరియడ్ పేరు డ్రామా. ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు రేడియో.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలతో ఇరవై రెండేళ్ళుగా నాటకాలు వేయిస్తున్నారు. నాటకం ఆవిడే రాస్తారు, అట్టముక్కలతో కిరీటాలు ఆవిడే చేస్తారు, తెర పక్కన నిలబడి అందరి మాటలూ ఆవిడే అందిస్తారు. అందించడమంటే గుసగుసగా అనుకునేరు. ఇంట్లో చెవులు వినబడని అత్తగారితో ఏళ్ళ తరబడి మాట్లాడి మాట్లాడి సాన పట్టిన గొంతు అది. ఆవిడ భర్త ఏ వాక్యం మొదలుపెట్టినా ఈవిడే పూర్తి చేస్తారు కాబట్టి ఆయన మొదలుపెట్టడం కూడా మానేశారని విన్నాను. కిందటేడు మా వాచ్‌మన్ గేటు దగ్గర కుర్చీలోంచి లేవకుండానే నాటకం కథంతా చెప్పాడు. హాల్లో కూర్చున్న తల్లిదండ్రులకు ప్రతి మాటా రెండుసార్లు వినబడింది. మొదటిసారి ఆవిడ గొంతుతో, రెండోసారి నీరసంగా.

నేను లెక్కల మాష్టార్ని. ఆ గురువారం పీరియడ్ మీద నా కన్ను పడి చాలాకాలమైంది. దాచడమెందుకు?

ఈ ఏడు హెడ్‌మిస్ట్రెస్ ఆవిడని పిలిచి, "ఈసారి పై తరగతి పిల్లలు నడిపిస్తారు. మీరు హాల్లో కూర్చోండి. మీ గొంతు ఒక్కసారి వినబడినా ఆ పీరియడ్ లెక్కలకి ఇచ్చేస్తాను" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. మొహం విచారంగా పెట్టడానికి నానా తంటాలు పడ్డాను.

పదో తరగతి నుంచి నలుగురు దిగారు. నలుగురూ చిన్నప్పుడు ఆవిడ నాటకాల్లో వేసినవాళ్ళే. మొదటివారం నలుగురూ దర్శకులే కావడంతో చిన్నపిల్లలు గోడవార కూర్చుని వాళ్ళ పోట్లాట చూశారు. నాటకం కంటే అదే బాగుందన్నారు. రెండోవారం అందులో ఒక అమ్మాయి మిగతా ముగ్గురికీ తెర, లైట్లు, గడ్డాలు అప్పజెప్పి పగ్గాలు తీసుకుంది. చిన్నవాళ్ళంతా ఆమెని పెద్దక్క అంటారు.

"వాళ్ళకేం తెలుసండీ" అని లైబ్రేరియన్ గారు నా దగ్గర వాపోయారు.

"నిజమే పాపం" అన్నాను, ఎంతో సానుభూతితో.

నాటకం రోజు రానే వచ్చింది. పెద్దక్క ఆవిడని తీసుకొచ్చి చివరి వరుసలో, సరిగ్గా నా వెనక కూర్చోబెట్టింది. నేను ఆరడుగుల మనిషిని.

"ఇక్కడ నేను అడ్డమొస్తానేమోనమ్మా" అన్నాను.

"అందుకే సార్" అంది ఆ పిల్ల, నవ్వకుండా. "మేడం పెదాలు కదిపితే చిన్నాళ్ళు అటే చూస్తారు. మేమూ అలాగే చూసేవాళ్ళం."

నాటకం ఈసారీ ఆవిడ రాసిందే, ఒక మేక కోసం కొట్టుకునే ఇద్దరు పొరుగువాళ్ళ కథ. స్టేజీ మీద పిల్లలు ఆడారు. ఆవిడ చప్పుడు లేకుండా, ఉత్త ఊపిరితో, నా మెడ మీద అన్ని పాత్రలూ ఆడారు, మేకతో సహా.

ఆఖర్న తీర్పు చెప్పాల్సిన చోట, దూది జుట్టు పెట్టుకున్న ఆరో తరగతి జడ్జి ఆగిపోయాడు. నోరు తెరిచాడు, మూశాడు. తెర వైపు చూశాడు. అక్కడ పెద్దక్క చేతిలో కాగితం కూడా లేదు. పరవాలేదన్నట్టు తలూపి ఊరుకుంది.

నా వెనక కుర్చీ కిర్రుమంది. ఆవిడ లేచి నిలబడ్డారు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టొచ్చు. పట్టుకోలేదు. ఆవిడ నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే గురువారం నాది.

పెద్దక్క స్టేజీ పక్కనుంచి ఆవిడకి అరచెయ్యి చూపించింది, ఆగండి అన్నట్టు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకున్నారు.

జడ్జి బుర్ర గోక్కున్నాడు. కొంత దూది ఊడింది. "నాకేం తోచట్లేదు" అన్నాడు. "మేక ఇవాళ్టికి నా దగ్గరుంటుంది. మీరిద్దరూ కోపం తగ్గాక రండి."

హాలంతా గొల్లున నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. నా గురువారం గంగలో కలిసింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఏడుస్తున్నారు. సంతోషమనుకుని "బాగా చేశాడు కదండీ" అన్నాను.

"నేను రాసింది పది లైన్ల తీర్పు. అందులో ఒక్క ముక్క కూడా వాడు చెప్పలేదు" అన్నారు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇన్నేళ్ళూ వీళ్ళు మర్చిపోతున్నారనుకున్నాను మాష్టారూ. ఆలోచించుకునే టైమే నేనివ్వలేదు" అన్నారు.

నాకు బాధేసింది. ఆవిడ గురించి మాత్రమే కాదు.

సోమవారం నా క్లాసులో ఒక కుర్రాడు బోర్డు దగ్గర భాగహారం మధ్యలో ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. ఏడు దగ్గర జవాబు నేనే చెప్పేశాను.