మా బ్యాచ్ మొత్తాన్ని ఫెయిల్ చేసిన ఓబులేసు సార్

ఓబులేసు సార్ పోయారు.

నిన్న పొద్దున ధర్మవరం బస్సు ఎక్కబోతుంటే మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్. టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. చదివింది అర్థం కాక మళ్లీ చదివాను.

బస్సు వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను.

ఆ గ్రూపు పేరు "ఫెయిల్ బ్యాచ్". మమ్మల్ని ఫెయిల్ చేసింది ఆయనే. గ్రూపు అడ్మిన్ కూడా ఆయనే!

ఆయనెవరో తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతాను. చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

ఆరేళ్ల కిందట బత్తలపల్లిలో ఒక స్కిల్ సెంటర్‌లో బోరు మోటార్ల కోర్సు చేశాను. దేశమంతటికీ ఒకటే సిలబస్, ఒకటే సర్టిఫికెట్. అది చూపిస్తే ఒక సోలార్ పంపుల కంపెనీలో అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు. పది రోజుల్లో చేరాలి. మా అమ్మీ అప్పటికే వీధంతా చెప్పేసింది.

పరీక్ష పెట్టడానికి వచ్చిన అసెస్సర్ ఓబులేసు సార్. బడికి పెద్దగా పోలేదు. ఏళ్ల తరబడి మోటార్లు బాగుచేసి, ఆ అనుభవానికే సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ తర్వాత అసెస్సర్ అయ్యారు.

ట్యాంకులో మోటార్ దింపి పెట్టారు. ఆన్ చేస్తే ఆగిపోతోంది. ఎందుకో చూసి సరిచేయాలి. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు.

ఇదీ ఒక పరీక్షేనా అనుకున్నాను. స్టార్టర్ డబ్బాలో చిన్న రిలే ఉంటుంది. నీళ్లు లేకపోతే మోటార్ కాలిపోకుండా అదే ఆపేస్తుంది. అలా ఆగినప్పుడల్లా మా వైపు అందరూ చేసేది ఒకటే. రిలేని తప్పించి వైర్లు డైరెక్ట్‌గా కలిపేయడం. మా అబ్బా చేస్తుంటే చిన్నప్పటి నుంచీ చూశాను. రెండు నిమిషాల్లో కలిపేశాను. మోటార్ గుర్రుమంది. చేతులు తుడుచుకుంటూ హీరోలా బయటికి వచ్చాను.

అందరం అదే చేశాం. అందరం ఫెయిల్!

ట్యాంకు మూత ఒక్కరూ తీయలేదు. లోపల నీళ్లు అడుగంటిపోయి ఉన్నాయి.

అనంతపురం జిల్లాలో పుట్టి, నీళ్లున్నాయో లేవో చూడకుండా మోటార్ వేశాం. అదీ మా తెలివి.

కనీసం సగం మందినైనా పాస్ చేయమని సెంటర్ మేనేజర్ బతిమాలాడు. సార్ వినలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆడపిల్ల ఈ పని చేయడం మీకు ఇష్టం లేదా అని మొహం మీదే అడిగేశాను.

"మగపిల్లోళ్లను కూడా ఫెయిల్ చేసినా గదమ్మా," అన్నారు. "ఆదివారం నుంచి మా షెడ్డు కాడికి రాండి. నేర్పిస్తా. ఫీజు లేదు, తిట్లు మాత్రం ఉంటాయి."

కంపెనీ సీటు పోయింది. మొదటి ఆదివారం నేను వెళ్లింది నేర్చుకోవడానికి కాదు, గొడవ పెట్టుకోవడానికి.

నేను మొదలుపెట్టేలోపే సార్ తన కథ చెప్పారు.

"ఈ డైరెక్ట్ కలిపేది ఈ పక్క మొదట చేసినోన్ని నేనే. శెనక్కాయ ఎండిపోతాందని ముదిగుబ్బ కాడ ఒక రైతు బతిమాలితే చేసినా. వారానికే మోటార్ కాలిపోయింది, పంటా పోయింది. ఆయప్ప నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను చూసి మీ నాయనలు నేర్చుకున్నారు, వాళ్లను చూసి మీరు. ఇప్పుడు నేనొక్కన్ని ఊరూరా తిరిగి వద్దంటే మానుతారా? దేశమంతా సదివే పుస్తకంలోకి ఎక్కాల."

ఆ రోజు నుంచి ఆయనకు అదే యావ.

మళ్లీ పరీక్ష పెట్టారు, పాసయ్యాను, అదే సెంటర్‌లో ట్రైనర్‌గా చేరాను. సార్ మాత్రం నన్ను వదల్లేదు. సిలబస్‌లో రిలే ఎలా బిగించాలో ఉంది. అది మోటార్‌ను ఆపినప్పుడు ఏం చేయాలో లేదు. ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లిష్‌లో ఢిల్లీలోని సిలబస్ ఆఫీసుకు మెయిల్ కొట్టేదాన్ని. థ్యాంక్స్ అని జవాబు వచ్చేది. మళ్లీ కొట్టమనేవారు.

చివరికి సిలబస్ మార్చే కమిటీ వీడియో మీటింగ్‌లో ఐదు నిమిషాలు ఇచ్చింది!

సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్యాంకు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మాకు పెట్టిన పరీక్షే వాళ్లకూ పెట్టారు. మోటార్ ఆగిపోతోంది, ఏం చేస్తారు? కమిటీలో ఒక పెద్దాయన, ముందు రిలేని బైపాస్ చేసి చూస్తాం అన్నారు.

"ఈయప్ప కూడా ఫెయిలే. చెప్పు రేష్మా," అన్నారు సార్.

సార్‌కి చిన్న సందేహం ఉందండీ అని నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. వెనకాల మా బ్యాచ్ అంతా నోళ్లు మూసుకుని నవ్వుతోంది. సార్ మూత తీసి, ఫోన్‌ను ట్యాంకులోకి వంచి చూపించారు.

పోయిన నెల కొత్త సిలబస్ వచ్చింది. అందులో ఉంది! మోటార్ ఆగితే ముందు నీళ్లు చూడాలి. రిలే తప్పించి వైర్లు కలిపితే ప్రాక్టికల్ ఫెయిల్. రెండే రెండు వాక్యాలు. నేను సెంటర్‌లో గంతులేశాను, నిజంగా. మీ పేరు మాత్రం ఎక్కడా లేదు సార్ అంటే, లేకపోవడమే మేలన్నారు.

పోయిన వారం మా ట్రైనర్ల గ్రూపులో రాజస్థాన్ నుంచి ఒకామె వీడియో పెట్టింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల అమ్మాయి పరీక్షలో ఉంది. మోటార్ ఆగింది. ఆ అమ్మాయి స్టార్టర్ డబ్బా జోలికే పోలేదు. నేరుగా వెళ్లి ట్యాంకులోకి తొంగి చూసింది.

పరుగెత్తుకుంటూ షెడ్డుకు పోయి సార్‌కి చూపించాను. మూడుసార్లు చూశారు. ఆ పాపకు గ్లౌజులు ఎవరూ ఇయ్యలేదా అని ముందు తిట్టారు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

"ఈ పాప చెయ్యి పెట్టిన కాడ యే రైతుకూ మోటార్ కాలదు లేమ్మా," అన్నారు.

సార్, మీ చేతుల్లో పుట్టిన తప్పును దేశమంతా దిద్దడం మొదలుపెట్టింది. మిగిలింది మేం చూసుకుంటాం.

ఇంక నిమ్మళంగా పడుకోండి.