పిండికుప్ప పగిలిన రోజు

ఐరాల బస్టాండు పక్కన సంగటి హోటలు జ్ఞానాంబది. ఆమె చేతి సంగటికి వంక పెట్టే మనిషి ఆ మండలంలో ఇంకా పుట్టలేదు. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది, మొహమాటం లేకుండా. నిజమే గదా, చెప్పుకుంటే ఏం పోయింది?

అది 1998. కూతురు కోమలి చిత్తూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుతోంది. ఊళ్ళో దాన్ని రాళ్ళ చదువు అనేవాళ్ళు. తిరుపతిలో ఎమ్మెస్సీ చేస్తానంటే నాయన పెంచలయ్య మెలిక పెట్టాడు.

"ఇంట్లోనే నీకు నోరు పెగల్దు. కాలేజీ ఎగ్జిబిషన్లో పదిమంది ముందర మాట్లాడు, సూస్తాను. మాట్లాడితే పంపిస్తా. లేకుంటే హోటల్లో కూసో."

మిగతా పిల్లలు థర్మకోల్ అగ్నిపర్వతాలు చేస్తుంటే కోమలి అమ్మ దగ్గరికి వచ్చింది.

"మా, నువ్వొచ్చి ఆడ సంగటి చెయ్యల్ల. పిండిలో బొక్క పెడతావే, దాంట్లోంచి ఎసరు పొంగి వస్తాది గదా. భూమి లోపల వేడి రాయి పైకొచ్చేది కూడా అట్లనే అని చెప్తా."

జ్ఞానాంబ ఆ రోజు హోటలు మూసేసింది. కిరసనాయిలు స్టవ్వు, గిన్నె, సంగటి కెలికే కట్టె పట్టుకుని మొగుడితో బస్సెక్కింది. కాలేజీ హాల్లో బియ్యం ఉడికాక రాగిపిండి కుప్పగా పోసింది. చుట్టూ ప్యాంట్లూ చొక్కాలూ చీరలూ. అందరూ తననే చూస్తున్నారు. ఆ తడబాటులో బొక్క పెట్టడం మరిచిపోయింది.

పెంచలయ్య కనిపెట్టేశాడు. "ఏమే, బొక్క యాడ? ఐరాల పరువంతా చిత్తూరులో కలిపేస్తివే!"

పిండికుప్ప నెమ్మదిగా పైకి లేచింది. నడినెత్తిన ఉబ్బి, మూడు వైపులకు చీలింది. చీలికల్లోంచి ఆవిరి, గంజి బుసబుసా పొంగాయి. ఎవరో పకపకా నవ్వారు. జ్ఞానాంబ తల కొట్టేసినట్టయి కట్టె అందుకుంది.

కోమలి అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా, ముట్టుకోవద్దు!"

హాలంతా అటు తిరిగింది. ఇక ఆ పిల్ల ఆగలేదు.

"సూడండి సార్, బొక్క పెట్టుంటే ఇది కనపడేదే కాదు. లోపల్నించి వేడి రాయి పెద్ద స్తంభం మాదిరి పైకి లేస్తాది. పైన నేల ఇట్లనే ఉబ్బుతాది, ఇట్లనే చీలుతాది. ఆ చీలికల్లో లావా కక్కుతాది. మహారాష్ట్రలో పొరలు పొరలుగా ఉండే నల్లరాయి కొండలు అట్లా వచ్చినవేనని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు."

లెక్చరర్ నరేంద్ర ముందుకు వచ్చాడు. "అయితే లోపలిదంతా గంజిలాగా కరిగిన రాయేనా అమ్మా?"

"కాద్సార్. గట్టి రాయే. వేడికి మెత్తబడి, లక్షల ఏండ్లు పాకుతా వస్తాది. పైకొచ్చేకొద్దీ మీద బరువు తగ్గి కొంచెం కరుగుతాది. అది ఈ గిన్నెలో సూపించలేను."

"చూపించగలిగింది చూపించి, చూపించలేనిది ఏదో కూడా చెప్పావు. బాగుంది," అన్నాడాయన. చప్పట్లు మోగాయి. జ్ఞానాంబకు అర్థమయింది సగమే. అయినా అవి తన కూతురికేనని తెలిసింది.

గడ్డలు కట్టిన ఆ సంగటిని కెలికి, ముద్దలు చేసి, అందరికీ పెట్టింది. హోటల్లో అయితే కుక్కకు కూడా వెయ్యదు. పెంచలయ్య ముద్ద నమిలి, గడ్డ తగిలినా ఉమ్మలేదు. కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"తిరపతిలో హాస్టలు యాడుండాదో ఆ సారును అడిగినావా?"

"బాగా అడుగుతాది. దానికిప్పుడు నోరుండాది," అంది జ్ఞానాంబ, పక్కాయన ఆకులో ఇంకో ముద్ద వేస్తూ.