అరేలియా అంచు చీర

అది 1946. బెజవాడ భవానీపురంలో నాకు చిన్న నర్సరీ ఉండేది. అరేలియా అనే కుండీ మొక్క అప్పట్లో ఊరికి కొత్త. చీనావాళ్లు మందుగా వాడే జిన్సెంగ్, దొరల బంగళాల గోడలకు పాకే ఐవీ, ఇదీ ఒకే కుటుంబమని కొన్నవారికీ కొననివారికీ చెప్పేవాణ్ణి. దీని ఆకు మాత్రం అల్లిన లేసులా ఉంటుంది.

ఆ ఆకు చూసే, మగ్గం నేసే వీరాస్వామి గారు ఒక కుండీ పట్టుకెళ్లారు. బట్టల షావుకారు ఒకాయన కొత్త అంచుతో మచ్చు చీర నేసి చూపమన్నాడట. నచ్చితే ఏడాది పొడవునా పని ఇస్తానన్నాడట. కాగితం మీద గీసుకుని నేసే అలవాటు ఈయనకు లేదు. ఆకు కళ్లెదుట ఉండాలి, పోగులు ఎంచుకుంటూ పోవాలి. ఒకసారి నేసిన ఆకును మళ్లీ నేయరు.

రెండు వారాలకు మనిషి మండిపోతూ వచ్చారు.

"చచ్చిన మొక్క అంటగట్టారండీ నాకు. చీర సగంలో ఉంది. చూసి నేద్దామంటే ఒక్క ఆకు లేదు."

నా మొక్కను అంత మాటంటే ఊరుకునే రకాన్ని కాను. అప్పుడే వాళ్లింటికి వెళ్లి కాండం గోటితో గీకాను. లోపల పచ్చగానే ఉంది. మట్టిలో వేలు పెడితే జిగురు, పులిసిన వాసన. నూలుకు పట్టించగా మిగిలిన గంజి రోజూ దీనికే పోస్తున్నారట. నూలుకు బలమిచ్చేది మొక్కకు ఇవ్వదా అని ఆయన ఉద్దేశం. పైగా పొద్దున మగ్గం దగ్గరికి, సాయంత్రం వాకిట్లోకి మోసేవారట. చోటు మారిస్తే అరేలియా అలిగి ఆకు రాలుస్తుంది. కుటుంబ చరిత్రంతా చెప్పిన నేను ఆ ఒక్క ముక్క చెప్పలేదు. సిగ్గేసింది.

కుళ్లిన వేళ్లు కోసి రీపాటింగ్ చేశాను, అంటే కొత్త మట్టితో మళ్లీ కుండీకెత్తాను. కిటికీ పక్కన పెట్టి, కదిపితే నా మీద ఒట్టే అన్నాను. షావుకారు రావడానికి ఇంకా నెల ఉంది. రోజూ వెళ్లి చూసొచ్చేవాణ్ణి.

మూడో వారంలో చిగుళ్లు వచ్చాయి. కానీ లేసు ఏదీ? లేతాకులు గోరంత, గుండ్రంగా ఉన్నాయి. ముదిరితేగానీ చీలవని, అందుకు నెలలు పడుతుందని నసుగుతూ చెప్పాను. వీరాస్వామి గారు ఒక లేతాకును వేలితో కొలిచి చూశారు.

"వచ్చిన ఆకే నేద్దాం లెండి," అన్నారు.

షావుకారు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కొంగు వైపంతా లేసు ఆకులు, లోపలికి పోయేకొద్దీ గుండ్రని లేతాకులు. ముదురు నుంచి లేత దాకా నేయాలని ఎలా తోచిందయ్యా అని మురిసిపోయి షావుకారు ఏడాది పని ఖాయం చేశాడు. వీరాస్వామి గారు నా వైపు చూడకుండా వినయంగా తలూపారు. నేను దగ్గు తెచ్చుకుని బయటికి వచ్చేశాను.

అప్పటినుంచి మొక్క ఇచ్చేముందు అది ఏ మూల ఉంటుందో, ఇంట్లో మిగిలినవన్నీ ఎక్కడ పారబోస్తారో అడుగుతాను. పెళ్లిసంబంధమా అని కొందరు నవ్వుతారు. నవ్వనీ, జవాబు చెప్పందే కుండీ ఇవ్వను.