దారెస్సలాం బజారులో దారి తప్పిన రోజు

పొద్దున మా చెల్లెలి మనవరాలు వీడియో కాల్ చేసింది. ఏడాదిపాటు జీతం లేకుండా పిల్లలకు చదువు చెప్పడానికి పరాయి దేశం వెళ్ళిన ఆ పిల్ల, బడిలో చేరేలోగా దొరికిన నాలుగు రోజుల్లో ఊరంతా తిరుగుతూ, ఫోన్‌లో దారి చూసుకుంటూ, ఒక్క మనిషిని కూడా అడగకుండా సందుగొందులన్నీ నాకు చూపించింది. చూస్తూ కూర్చున్న నాకు, ఆ వయసులో నేనూ అట్లాగే వెళ్ళి దిగిన ఆఫ్రికా పట్నం దారెస్సలాం కళ్ళముందు నిలిచింది.

గిద్దలూరులో బట్టలు కుట్టే మా అబ్బా, అంటే మా నాన్న, చుట్టాలంతా వద్దంటున్నా నన్ను పంపారు. రైలెక్కించేటప్పుడు, "భయమైతే వచ్చెయ్ బేటా. ఏందని ఎవరడిగినా నేను జవాబు చెప్పుకుంటా" అన్నారు. ఆ మాట ధైర్యంతోనే సముద్రం దాటాను. దిగిన మర్నాటి నుంచీ ఇంటికి రమ్మని నన్ను లాగిందీ ఆ మాటే.

బడి ఎక్కడో లోపలి పల్లెలో ఉంది. అక్కడికి తీసుకువెళ్ళే బండి వచ్చేదాకా పట్నం చూస్తూ ఉండమన్నారు. ఉప్పుగాలి, ఉక్కపోత, అర్థంకాని మాటలు. మార్కాపురం కాలేజీలో చదువుకున్న నా ఇంగ్లీషు గొంతు దాటి వచ్చేది కాదు. ఇట్లాంటిదాన్ని పిల్లల ముందు ఎట్లా నిలబడతానని దిగులు పుట్టి, తిరుగు టికెట్ అడుగుదామని నన్ను రప్పించినవాళ్ళ ఆఫీసుకు బయలుదేరి, పెద్ద బజారులో దారి తప్పాను. అంతలో వాన. ఒక బట్టల కొట్టు ముందు తడుస్తూ నిలబడితే, కొట్టు నడిపే పెద్దావిడ లోపలికి పిలిచి స్టూలు వేసింది. ఏడుపు దిగమింగుకుంటూ, ఎవరిదో దుకాణంలో ఇట్లా కూర్చోవాల్సి వచ్చిందే అని మా ఇంటి ఉర్దూలో గొణుక్కున్నాను.

"దూకా?" అంటూ ఆమె నవ్వి తన కొట్టును చూపించింది. వాళ్ళ భాషలోనూ దుకాణానికి అదే మాటట! నాకు ఆశ పుట్టి, అరచేతులు పుస్తకంలా తెరిచి "కితాబ్?" అన్నాను. "కితాబూ!" అంది. కలం కలాము అయింది, సబ్బును మేమనే సాబున్ సబూని అయింది. వాన తగ్గేదాకా ఇద్దరం చిన్నపిల్లల్లా ఆ ఆటే ఆడాం. గాలిలో వేలితో రాసి నా పనేమిటో చెప్పబోతే, "మ్వాలిము!" అని లేచి నిలబడి పక్క కొట్లవాళ్ళను కేకేసింది. మా మసీదులో పిల్లలకు చదువు చెప్పే ముఅల్లిం సాబును మేము పిలిచే మాటే అది. ఇంకా బడి గడప తొక్కని నన్ను టీచరని మొదట పిలిచిన మనిషి ఆమె.

ఆఫీసు చిరునామా చీటీ చూపిస్తే, చెయ్యి పట్టుకుని అక్కడి దాకా తనే నడిపించుకుపోయింది. అక్కడ నేను టికెట్ మాట ఎత్తలేదు. బండి ఎప్పుడొస్తుందని మాత్రం అడిగాను.

రెండేళ్ళు ఆ పల్లెలో లెక్కలు చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు, ఆమెకు చెప్పవలసిందంతా ఆమె భాషలోనే చక్కగా కూర్చుకుని ఆ వీధికి పోతే, పాత కొట్లన్నీ పడగొట్టి పెద్ద భవనం కడుతున్నారు. ఆమె ఎటు పోయిందో చెప్పేవాళ్ళు లేరు, నేనైతే ఆమె పేరైనా అడిగి ఉండలేదు. ఇప్పటి పిల్లలకు బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు కూడా ఫోన్‌లో జీవితాంతం మిగిలిపోతారు. మన కాలంలో మనుషులు ఒక వానసేపు కలిసి, అట్లాగే తప్పిపోయేవాళ్ళు. ఆనాడు కూర్చుకున్న మాటలు ఇప్పటికీ నాకు పొల్లుపోకుండా వచ్చు. వినవలసిన మనిషే లేదు.