కారు తలుపు కింది బెజ్జాలు

ఇలా దగ్గరికి జరిగి, గోడకి ఆనుకుని కూర్చోండి. ఈ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ భయమే. పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

మా ఆయనది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. ఊహ తెలిసినప్పటి నుంచీ పడవే లోకం. మా వైపు రొయ్యల చెరువులు వచ్చాక, చెరువుల వాళ్ళను కాకినాడ తిప్పడానికని ఒక పాత కారు కొన్నారు. వానలు పడబోయే ముందు దాని కింద దూరి చూసి, బయటికొచ్చి నా వంక అదోలా చూశారు.

“ఏంటే ఇది, తలుపుల అడుగున అన్నీ బెజ్జాలే. పడవైతే ఈపాటికి మునిగిపోయేది.”

ఆ సాయంత్రమే గుగ్గిలం పొడి నూనెలో కాచారు. దూది అందులో ముంచి, పడవ బల్లల సందులు మూసినట్టే నాలుగు తలుపుల బెజ్జాలూ బిగించేశారు. మా ఆడపడుచు అరుగు మీద కూర్చుని, “తెడ్డు కూడా కట్టేయన్నయ్యా, పెట్రోలు కలిసొస్తుంది,” అంది.

శ్రావణంలో ముసురు పట్టింది. షెడ్డు లేదు, కారు బయటే తడిసింది. కొన్నాళ్ళకి లోపల పాచి వాసన మొదలైంది. వెనక తలుపు ఒకటి గట్టిగా గుంజితే గాని వచ్చేది కాదు. “వానకి బిగుసుకుందిలే,” అనేవారు.

ఆ ముసురులోనే, నెలలు నిండిన మా అమ్మాయికి ఒక మధ్యాహ్నం నొప్పులు వచ్చాయి. వెనక సీట్లో కాలవ వైపు అది, ఇవతలి వైపు నేను. గట్టు మీద దారి. కాలవ ఎర్రగా, అంచుల దాకా పోతోంది. కారు మలుపు తిరిగితే నా మోకాలి పక్కన నీళ్ళు గలగలమన్నాయి. కాళ్ళ కింద తడిమాను, పొడిగానే ఉంది. బ్రేకు వేస్తే చప్పుడు ముందుకు పోతోంది, వదిలితే వెనక్కి వస్తోంది. తలుపుకి చెవి ఆనించాను. లోపల ఏదో ప్రాణమున్నది మసలుతున్నట్టే ఉంది.

“అమ్మా, ఇటు పక్క కూడా,” అంది అమ్మాయి.

“ఏవండీ, కారులో నీళ్ళండి.”

“ఎక్కడే?” అని ఆయన తల తిప్పారు. ఆ రెప్పపాటులో ఎడమ చక్రం గట్టు అంచు బురదలోకి జారింది. కారు కాలవ వైపు ఒరిగి ఆగింది. అమ్మాయి అద్దంలోంచి నీళ్ళు తప్ప మరేమీ కనపడలేదు.

“కదలకండి. నువ్వు నీ తలుపు మీదకే బరువెయ్యి,” అంటూ ఆయన తన వైపు మెల్లగా దిగారు. ఆయన దిగగానే కారు ఇంకాస్త ఒరిగింది. బయటి నుంచి నా తలుపు లాగారు, రాలేదు. లోపలి పిడి తిప్పాను, ఊరికే తిరిగింది. అద్దమూ దిగలేదు. అమ్మాయి తలుపు తీస్తే కాలవే. నిండు కడుపుతో అది ముందు సీటు దాటి రాలేదు. ద్రాక్షారామం స్వామికి మొక్కుకోబోతే పేరు నోటికి రాలేదు. అమ్మాయి నొప్పికి నా చెయ్యి నలిపేస్తోంది గాని అరవడం లేదు. అరిస్తే కారు జారుతుందని దాని భయం.

“తన్నవే, తలుపుని తన్ను.”

సీటు మీద వెల్లకిలా పడి రెండు కాళ్ళతో తన్నాను. ఆయన బయట పిడికి వేలాడారు. తుప్పు పట్టిన తాళం పుటుక్కున విరిగి తలుపు తెరుచుకుంది. ఇద్దరం అమ్మాయిని చంకల కింద పట్టి లాగి, వానలో ఆ గట్టు మీదే కూలబడ్డాం. వెనక వచ్చిన పాల వ్యాను మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది. దీపాలు పెట్టే వేళకి మనవరాలు పుట్టింది.

మర్నాడు ట్రాక్టరు కట్టి కారు లాగించారు. ఆయన వల అల్లే సూదితో ఆ గుగ్గిలం పొడిచి తీశారు. తుప్పు నీళ్ళు ధార కట్టాయి. అద్దం పక్క సందులోంచి దిగిన వాననీరు పోవడానికే ఆ బెజ్జాలు పెట్టారట. “పడవకి నీళ్ళు కింద నుంచి వస్తాయే. దీనికి పై నుంచి వస్తాయని నాకేం తెలుసు,” అంటూ మిగతా తలుపుల బెజ్జాలు కూడా పొడిచారు.

తర్వాత అద్దాల పక్కన కొత్త రబ్బరు వేయించారు. ప్రతి వానాకాలం ముందు చీపురు పుల్లతో బెజ్జాల్లో మట్టీ, ఆకుల చెత్తా తీసేవాళ్ళం. ఇప్పటికీ ఎవరి కారెక్కినా, తలుపు వేశాక కాసేపు చెవి ఒగ్గి వింటాను.

ఎంత ముసురు పట్టినా, పొద్దుగూకేసరికి మీ ఇంటివాళ్ళందరూ గుమ్మం దాటి లోపలికి రావాలి. మీ ఆడపిల్లలు సుఖంగా కనాలి, మీ పొయ్యి మీద వేడి అన్నం ఎప్పుడూ ఉండాలి.