మామ తీసిన చిరుత ఫోటో

మొన్న పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి నా వంతు కోసం కూర్చున్నాను. గోడమీది టీవీలో మాటలు వినపడకుండా జంతువుల చానెల్ ఏదో పెట్టి ఉంచారు. మంచు పేరుకున్న బండమీద తేనెరంగు పెద్ద పిల్లి ఒకటి, ఒంటిమీద మచ్చలూ చారలూ లేకుండా, తోక వేలాడేసి నిలబడి ఉంది. నా పక్కన బుగ్గ వాచిన పెద్దమనిషి దాన్ని చూసి "ఆడసింహం" అని తనలో తాను అనుకున్నాడు. నేను కాదనలేదు. కానీ దాని పేరు కూగర్ అని, అది అమెరికా కొండల్లో తిరుగుతుందని, అంత ఒడ్డూ పొడవూ ఉన్నా సింహంలా గర్జించడం దానికి రాదని నాకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకంటే కదిరి బస్టాండు దగ్గర మా మామ నడిపిన ఫోటో స్టూడియోలో ఆ జంతువు పదిహేనేళ్ళకు పైగా గోడకు వేలాడింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఫిల్ము రోళ్ళు అమ్మే ఏజెంటు ఎవరో ఇంగ్లీషు క్యాలెండరు ఇస్తే, ఆ ఏడాది గడిచిపోయాక తేదీల భాగం కత్తిరించేసి బొమ్మకు మాత్రం ఫ్రేము కట్టించుకున్నాడు. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళు స్టూలు మీద కూర్చుని తలెత్తి చూసి "ఇది ఏ ఊరి పులప్పా?" అని అడిగేవాళ్ళు. "అమెరికాది. దీన్ని తీసినాయప్ప ఒక్క ఫోటో కోసరం రెండేండ్లు కొండలో కూచున్యాడంట" అని మామ చెప్పేవాడు. ఆ రెండేళ్ళ సంగతి క్యాలెండరులో ఎక్కడా లేదు, నేను చదివి చూశాను. అది ఆయన కల్పించిందే. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు. ఫోటోగ్రాఫరుగా మామ గొప్పవాడేమీ కాదు. పెళ్ళి ఆల్బముల మీద పేర్లు తప్పుల్లేకుండా రాసిన పాపాన పోలేదు. ఆయన అసలు పనితనమంతా గొంతులో ఉండేది. భోజనాల దగ్గర తోసుకుంటున్న నూరుమంది చుట్టాలను "పొడుగోళ్ళు ఎనక్కి, పెద్దోళ్ళు కుర్చీల్లోకి" అంటూ రెండు నిమిషాల్లో మూడు వరుసలు చేసేవాడు. పోట్లాడుకుంటున్న వియ్యంకులు కూడా ఆ గొంతు వినగానే చొక్కాలు సవరించుకునేవాళ్ళు.

అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చాక స్టూడియోలో మామకు తీరిక ఎక్కువైంది. ఆ తీరికలోనే ఎవరో వదిలించుకుంటున్న పొడవాటి లెన్సు ఒకటి కొనుక్కొచ్చి, చిరుతను తీస్తానన్నాడు. "నిలబడమంటే నిలబడే మనుషుల్నే కండ్లు మూసినప్పుడు తీస్తావు. పులి నిలబడతాదా నీకు?" అన్నది అత్త. మామ లెన్సు తుడుచుకున్నాడు.

ఆ రోజుల్లో నేను కదిరికి గంట దూరంలో, కొండ కింది పల్లెలో టీచరుగా పనిచేస్తున్నాను. ఆ కొండను దూరంనుంచి చూస్తే ఎవరో గుండ్లు కుప్పపోసి మరిచిపోయినట్టు ఉంటుంది. మధ్యమధ్య సీతాఫలం చెట్లు, తుమ్మ కంప, వానలు పడిన ఏడు మోకాలెత్తు బోదగడ్డి. ఆ గుండ్ల సందుల్లో చిరుతలు ఉండేవని ఊళ్ళో అందరికీ తెలుసు. కుందేళ్ళు, నెమళ్ళు, అప్పుడప్పుడు ఊరకుక్క, ఎప్పుడో ఒక మేక. అంతకు మించి వాటికీ ఊరికీ సంబంధం ఉండేది కాదు. మా బడి వెనక మేకల దొడ్డి ఉన్న అవ్వ మాత్రం చిరుత అనే పేరే ఎత్తేది కాదు, "ఆయమ్మ" అనేది. కొండమీద వెలసిన కొండమ్మకు అది కావలి అట. వెనకటి కాలంలో వరసగా వానలు తప్పి బావులన్నీ ఎండిపోయినప్పుడు, మేకల వెంట పోయిన ఒక ఆడమనిషికి బండమీద ఆయమ్మ తడి అడుగుల జాడ కనబడిందట. చుక్క నీరు లేని చోట తడి ఎక్కడిదని ఆ జాడ పట్టుకుని పోతే, రెండు గుండ్ల నడుమ నిండా నీళ్ళున్న బండగుంట. ఊరు ఆ ఏడు ఆ నీళ్ళతోనే ప్రాణాలు నిలుపుకుందట. అందుకని మందలో మేక తగ్గినప్పుడు అవ్వ శాపనార్థాలు పెట్టేది కాదు. "ఆయమ్మ వంతు ఆయమ్మ తీసుకున్యాది" అనేది. అలా అనేటప్పుడు ఆమె ముఖంలో భక్తి ఎంతుండేదో, విసుగూ అంతే ఉండేది.

మామను అవ్వ దగ్గరికి తీసుకుపోయింది నేనే. ఆమె ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి, "ముందు ఆ తలనూనె మానుకోప్పా. ఆ వాసన మూడు కొండలు దాటి పోతాది" అన్నది. మామ నూనె మానేశాడు, సెంటు మానేశాడు, మట్టిరంగు చొక్కా కుట్టించుకున్నాడు. ఆ చలికాలం ప్రతి ఆదివారం తెల్లవారకముందే బండిమీద వచ్చి, అవ్వ చూపించిన గుండు చాటున కూర్చునేవాడు. కౌజుపిట్టలను తీశాడు, తొండలను తీశాడు, ఒకసారి చాలాసేపు పొంచి ఉండి అవ్వ నల్లమేకనే తీశాడు. మూడు నెలలు అలా గడిచాక, ఒక ఆదివారం సాయంత్రం అవ్వ నన్ను కూడా రమ్మన్నది. ఇంకా ఎండ ఉంది. ఎదుటి కొండ చరియమీద బండ ఒకటి అరుగులా ముందుకొచ్చి ఉంది. మేము చూస్తున్న బండే, ఖాళీగానే ఉంది. మరుక్షణం అక్కడ చిరుత కూర్చుని ఉంది. ఎటునుంచి వచ్చిందో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు. దాని వెనకే ఎదిగీ ఎదగని రెండు పిల్లలు వచ్చి, ఒకటి తల్లి తోక పట్టుకోబోయి జారి బోర్లా పడింది. మామ నాలుగైదు ఫోటోలు తీసి కెమెరా దించేశాడు. ఎందుకని నేను సైగ చేస్తే, తల అడ్డంగా ఊపి, ఎండ పోయేదాకా ఉత్త కళ్ళతో చూస్తూ కూర్చున్నాడు. దిగి వచ్చేటప్పుడు అవ్వ ఒక్క మాటే అన్నది. "చూసినావు కద. ఇంక కడుపులో పెట్టుకో."

మేము కడుపులో పెట్టుకోలేదు. ఫోటో అంత బాగా వచ్చింది మరి. పత్రిక జిల్లా పేజీకి పంపుదామని మామ అంటే, కింద నాలుగు వాక్యాలు నేను రాసి ఇచ్చాను. పిల్లలతో తల్లి చిరుత అని రాసి ఊరుకుని ఉండవచ్చు. నేను కొండ పేరు రాశాను, ఊరి పేరు రాశాను, బడి వెనక ఎన్ని అడుగులు నడిస్తే ఆ బండ కనిపిస్తుందో కూడా రాశాను. ఎవరికీ పట్టని ఆ పల్లె పేరు అచ్చులో చూడాలని నాకు ముచ్చటగా ఉండింది. పేపరు వచ్చిన రోజు మామ ఇరవై ప్రతులు తెచ్చి స్టూడియోకు వచ్చినవాళ్ళందరికీ పంచాడు.

ఆ తరవాతి ఆదివారం నుంచే ఊళ్ళోకి కార్లు వచ్చాయి. కదిరి నుంచి, అనంతపురం నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో బండ్లమీద కుర్రవాళ్ళు వచ్చారు. బిర్యానీ పొట్లాలు విప్పారు, పాటలు పెట్టారు. చిరుత బయటికి రాలేదని ఒకరు ఆ బండ కింది గుహలోకి రాళ్ళు విసిరితే, ఇంకొకరు టపాకాయలు కాల్చి వేశారు. అటవీశాఖవాళ్ళు వచ్చి వెళ్ళగొడితే, వాళ్ళు పోగానే మళ్ళీ చేరేవాళ్ళు. మామ రెండు ఆదివారాలు కొండ కింద నిలబడి వచ్చినవాళ్ళను బతిమాలాడు. "నువ్వు తీసుకుంటివి, మేము తీసుకోకూడదా?" అన్నారు. అవ్వ బడి దగ్గరికి వచ్చి, నా ఎదుటే ఆయన్ను అడిగింది. "నువ్వు చూస్తివి, సరే. లోకానికంతా ఎందుకు చూపిస్తివప్పా?" మామ తల వంచుకుని "తప్పే అవ్వా" అన్నాడు. ఊరి పేరు రాసింది నేనని ఆయన అనలేదు. అప్పుడే కాదు, ఆ తరవాత నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎన్నడూ అనలేదు.

చిరుత గుహ విడిచి చేలల్లోకి దిగింది. నెలలోపల రెండు దూడలు పోయాయి, కుక్కలైతే ఎన్నో. పిల్లలను బడికి పంపడానికి తల్లులు భయపడ్డారు, నేనూ చేతికర్ర పట్టుకుని బస్సు దిగేదాన్ని. అప్పుడు ఒక రోజు, బడిలో ప్రార్థన జరుగుతుండగా కబురు వచ్చింది. అడవిపందులు వేరుశనగ చేను తవ్వుతున్నాయని ఒక రైతు కంచెకు మోటారుసైకిల్ క్లచ్ వైరుతో ఉచ్చు కట్టాడట, అందులో చిరుత పడిందట. మామకు ఫోన్ చేసి నేను పరుగెత్తాను. ముందరి కాలు వైరులో బిగుసుకుపోయి, చుట్టూ మట్టి గీరి గీరి గుంత చేసుకుని, ఆ గుంతలో పడుకుని ఉంది. చుట్టూ ఊరంతా ఉంది, పక్క ఊళ్ళవాళ్ళూ ఉన్నారు. అందరి చేతుల్లో కట్టెలు, గొడ్డళ్ళు. జనం ఒక అడుగు ముందుకేసినప్పుడల్లా అది లేచి వైరు గుంజుకునేది. ఇద్దరు వాచర్లతో వచ్చిన అటవీశాఖ బీట్ ఆఫీసరు, పాతికేళ్ళ అమ్మాయి, చేతులు చాపి అడ్డంగా నిలబడింది. "అన్నా, దగ్గరికి పోవద్దండన్నా. మత్తు ఇచ్చే డాక్టరు తిరపతి నుంచి బయల్దేరినాడు."

"ఆయప్ప వచ్చేలోపల వైరు తెగితే, నువ్వు పట్టుకుంటావా మేడమ్?" అన్నాడు దూడ పోయిన రైతు. అతను అడిగినదాంట్లో తప్పు లేదు. ఎవరో మొదటి రాయి విసిరారు.

మామ అప్పుడే వచ్చాడు, మెడలో కెమెరాతో. నాకు ఒళ్ళు మండింది. ఇంత జరిగాక కూడా ఫోటో కోసమే వచ్చాడనుకున్నాను. ఆయన చిరుత వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ చూడకుండా, పక్కనున్న ట్రాక్టరు ట్రాలీ ఎక్కాడు. పెళ్ళి మండపాల్లో వాడే గొంతు తీశాడు. "ఏమప్పా, పులి దొరికిన ఊరోళ్ళమని మీ ముకాలు అచ్చులో పడాల్నా వద్దా? అందరూ బడికాడికి రాండి. గ్రూప్ ఫోటో. కట్టెలు కూడా తెచ్చుకోండి, బాగుంటాది."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఆడవాళ్ళు కదిలారు. తరవాత ఒక కుర్రవాడు "తల దువ్వుకోని వస్తానుండన్నా" అని ఇంటివైపు పరుగెత్తాడు. అంతే, గుంపు పలచబడింది. చేనికీ బడికీ మధ్య చింతతోపు అడ్డం. మామ బడి గోడముందు కుర్చీలు వేయించి పెద్దవాళ్ళను కూర్చోబెట్టాడు. పొడుగువాళ్ళను వెనక్కి పంపాడు. ఎండ కళ్ళల్లో పడుతున్నదని వరుసలన్నీ ఇటునుంచి అటు తిప్పాడు. మొత్తం ఊరిది అయ్యాక వీధి వీధికీ వేరుగా తీస్తానన్నాడు. తరవాత ఇంటింటికీ అన్నాడు, తరవాత గొడ్డళ్ళు పట్టుకున్నవాళ్ళను మాత్రమే అన్నాడు. దూడ పోయిన రైతు కొత్త చొక్కా వేసుకొచ్చి నడిమధ్య నిలబడ్డాడు. మధ్యాహ్నమైంది. చెమటతో మామ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నేను మంచినీళ్ళు ఇవ్వబోతే, కెమెరా కంటికి ఆనించుకునే ఉండి, నాకు మాత్రం వినబడేట్టు అన్నాడు. "బ్యాటరీ ఎప్పుడో సచ్చిపోయిందే. ఇంగో నాలుగు కుర్చీలు తెప్పీ." నేను తెప్పించాను. పెదవులు కదలకుండా నాలుకతో టక్కుమని శబ్దం చేస్తూ, ఆయన ఇంకో గంటన్నర ఊరును కదలకుండా నిలబెట్టాడు. చింతతోపు అవతల జీపు వచ్చి ఆగింది, డాక్టరు దిగాడు. జనానికి సంగతి తెలిసి పరుగెత్తుకు వెళ్ళేసరికి, చిరుత మత్తులో వలమీద ఉంది, కోసేసిన వైరు పక్కన పడి ఉంది.

కాలు బాగుపడలేదు. వేళ్ళు తీసేయవలసి వచ్చింది. కుంటికాలితో కొండమీద బతకలేదని దాన్ని తిరుపతి జూలోనే ఉంచేశారు. దాని పిల్లలు అప్పటికి వేటాడే వయసుకు వచ్చి కొండమీదే మిగిలాయి. ఆ ఏడు అవ్వ మందలో నాలుగు మేకలు తగ్గాయి, ఆమె ఎవరితోనూ ఫిర్యాదు చేయలేదు. బీట్ ఆఫీసరు చెట్లకు చిన్న కెమెరా డబ్బాలు కట్టించింది. ఎక్కడ కడితే జంతువు నడిచే దారి బాగా కనిపిస్తుందో వాచర్లకు చూపించింది మామే. ఆ ఫోటోలు ఆఫీసు దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. ఊరివాళ్ళు మాత్రం ఆరు నెలలపాటు స్టూడియోకు వచ్చి "మా వీధి ఫోటో యాడప్పా?" అని నిలదీశారు. కంప్యూటరు పాడైందని, అందులోనే అన్నీ పోయాయని మామ కాఫీ తెప్పించి పంపేవాడు.

అవ్వకు అసలు సంగతి చెప్పకుండా ఉండలేక, పేపర్లో ఊరి పేరు రాసింది నేనని ఒకరోజు ఒప్పుకున్నాను. మేకపిల్లకు ఆకు పెడుతూ, నా వైపు చూడకుండానే అన్నది. "తెలుసులేమ్మా. ఆయప్పకు అన్ని అచ్చరాలు తప్పుల్లేకుండా యాడొస్తాయి?" కొన్నాళ్ళకు పింఛను కాగితాలకు ఫోటో కావలసి వచ్చి ఆమే కదిరికి పోయి, మామ స్టూలు మీద కూర్చుంది. "దీన్ని ఎవురికి చూపిస్తావు?" అని అడిగిందట. "నీ చేతికే ఇస్తా అవ్వా" అన్నాడట మామ.

ఆ తరవాత కొన్నేళ్ళకు, మామ కంటికి ఆపరేషన్ అయ్యాక, ఇద్దరం తిరుపతి పోయి దాన్ని చూశాం. కెమెరా తేలేదు. చెట్టునీడలో పడుకుని ఉంది, మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మామ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అది ఒకసారి తలెత్తి మా మీదుగా ఎటో చూసి మళ్ళీ పడుకుంది. మామ దానికోసం గుండు చాటున కాచుకుని కూర్చున్న ఆదివారాలు మాకు ఒక చలికాలపు సెలవురోజులు. కొండమీద దానికి మిగిలిన కాలం అంతా ఆ చలికాలమే.