మిరపకాయల మీద బ్రేకు

మొన్న నేను చేసిన ఘనకార్యం వింటే ఇక మీరెవరూ నా కారెక్కరు!

మా అమ్మాయి షారోను కోయంబత్తూరులో చదువుతోంది కదా. దానికి లైసెన్సు వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. రోజూ వాయిస్ మెసేజ్ పెడతాను. "టైరు పేలితే బ్రేకు తొక్కకు. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకో. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తియ్యి. బండి నెమ్మదించాక పక్కకి ఆపు." అదేమో, "అమ్మా, ఇది నాకు పాటలా వచ్చేసింది" అంటుంది.

ఈస్టర్ సెలవులకి వచ్చింది. తిరిగి వెళ్ళే రోజు చీరాల స్టేషన్లో నేనే దింపుతానన్నాను. పర్చూరు దాటాక మెల్లగా అడిగింది.

"ఫ్రెండ్స్‌తో ఊటీ వెళ్తున్నానమ్మా. కారు నేను నడపనా?"

"ఘాట్ రోడ్డా! వద్దు. హఠాత్తుగా ఏదైనా అయితే నీకు కాలూ చెయ్యీ ఆడవు" అన్నాను, దాని వైపు తిరిగి.

అదే నేను చేసిన తప్పు. రోడ్డుకి ఎడమ పక్కన మిరపకాయలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. ఏటా చూసేదే! ముందు టైరు రాయెక్కింది. ఢాం!

"యేసయ్యా!" అని బ్రేకు మీద నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. ఎడమ చెయ్యి స్టీరింగు వదిలేసి, దాని ఛాతీకి అడ్డం పెట్టాను.

"అమ్మా, బ్రేకు వదులు!" అంటూ షారోనే పక్కనుంచి స్టీరింగు పట్టుకుంది. కారు మిరపకాయల్లోకి దూసుకెళ్ళి ఆగింది. మా అమ్మాయే హ్యాండ్ బ్రేకు లాగి, హజార్డ్ లైట్లు వేసింది. ఘాటు లోపలికొచ్చి ఇద్దరికీ ఒకటే దగ్గు.

పక్కనే కట్టిన టార్పాలిన్ పట్టా నీడలోంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. "ఏమ్మా, కారం పట్టించాలంటే మిల్లుకెళ్ళాలి గానీ, కారుతో తొక్కిస్తావా?" అంతలోనే లోపలికి చూసి, "పిల్లకేం కాలేదుగా? ఇందాకటిదాకా నేనీ కాయల మధ్యే కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నా తల్లీ" అంది.

ఆ మాటకి నా ఒళ్ళు చల్లబడింది. ఆవిడకి క్షమాపణ చెప్పి, నలిగిన కాయలన్నీ నేనే కొనేశాను.

స్టెప్నీ మార్చింది కూడా షారోనే. రైలెక్కబోతూ నా వైపు చూసింది.

"ఊటీకి నువ్వే నడుపు" అన్నాను. కళ్ళనీళ్ళు ఘాటు వల్లేనని కూడా చెప్పాను.

"సరే. నువ్వు మాత్రం రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టమ్మా. నాకు సీటు బెల్టుంది."

బుద్ధిగా తలూపాను. తిరిగొస్తుంటే దూడ ఒకటి అడ్డమొచ్చింది. సడన్ బ్రేకు! కారు క్షేమంగానే ఆగింది. తీరా చూస్తే నా ఎడమ చెయ్యి స్టీరింగు మీద లేదు. పక్క సీట్లో ఉన్న మిరపకాయల బస్తాని పడిపోకుండా గట్టిగా పట్టుకుని ఉంది!